నాయనమ్మకి పేరుందా?

ప్రెస్సులో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దినవాడికి లోకమంతా తప్పులతడకగానే కనిపిస్తుంది. ఎవరైనా ఉత్తరం రాస్తే క్షేమసమాచారం చూడడు, ఒత్తులూ దీర్ఘాలూ చూస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని అచ్చుతప్పుల బాబాయి అనేవారు. ఎదురుపడితే మాత్రం ఉత్త బాబాయి.

రిటైరయ్యాక దిద్దడానికి ఏమీ దొరక్క బాబాయి సొంత వంశం మీద పడ్డాడు. తాతగారు కోర్టులో పెద్ద ఉద్యోగం చేశారని ఇంట్లో చెప్పుకునేవారు. ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తేల్చి, వంశచరిత్ర అచ్చేసి, చుట్టాలందరినీ పిలిచి తలా ఒకటి పంచాలని ఆయన పట్టుదల.

ఆ ఇంట్లోనే ఉండే ఆయన అక్కకి ఎనభై ఒకటి. ఆవిడకి తాతగారి ఉద్యోగంతో పనిలేదు.

“ఒరేయ్, నాయనమ్మ పేరేమిటో కనుక్కోరా,” అంది. “నన్ను పెంచింది ఆవిడే కదా. కోడళ్లకి అత్తయ్య, మనకి నాయనమ్మ, తాతయ్యకి ‘ఏమేవ్’. అసలు పేరు పెట్టి ఎవరూ పిలవగా వినలేదు. పోయేలోపు ఒక్కసారి ఆ పేరు నోరారా అనుకోవాలనుందిరా.”

“చూద్దాంలే అక్కా,” అన్నాడు బాబాయి. ఆయన చూద్దాంలే అంటే చూడనని అర్థం.

పాత రికార్డుల గది మున్సిపల్ ఆఫీసు వెనక, విరిగిన కుర్చీలు పడేసే గది పక్కన ఉంది. బాబాయి ముక్కుకి రుమాలు కట్టుకుని పదకొండు రోజులు అక్కడే కాపురం పెట్టాడు. తాతగారు దొరికారు. కోర్టులో గోడగడియారాలకి కీ ఇచ్చేవారట. బాబాయి నోటుబుక్కులో ‘న్యాయస్థాన కాలనిర్వహణాధికారి’ అని రాసుకున్నాడు. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

నాయనమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఇంటిపన్ను పుస్తకంలో ‘భార్య’. జనాభా లెక్కల్లో ‘భార్య, ఒకటి’. మరణాల రిజిస్టరులో ఫలానావారి తల్లి.

“ఆడవాళ్ల పేర్లు వీటిల్లో దొరకవండి మాస్టారూ,” అంది రికార్డులు చూసే గుమాస్తా, టీ గ్లాసు కింద పెడుతూ. “ఆ మూలనున్న పాత పోలీసు రిజిస్టర్లు తిరగెయ్యండి. ముద్దాయి అయితే పేరు రాయక తప్పదు కదా.”

“మాది పరువుగల కుటుంబమమ్మా!”

“అయితే దొరకదులెండి.”

అక్క మొహం గుర్తొచ్చి, పోనీ అని తిరగేశాడు. మూడో రిజిస్టరులో దొరికింది. వీధికుళాయి నీళ్లు ఆఫీసర్ల ఇళ్లకే మళ్లిస్తున్నాడని కుళాయి కాపలావాణ్ణి బిందెతో నెత్తిమీద మోదినందుకు ఒక పూట నిర్బంధం. మొట్టమొదట, గుండ్రటి అక్షరాల్లో, ఆవిడ సొంత పేరు. ఆ తరవాతే తాతగారు, ‘భర్త’ అని. చేసినదానికి విచారిస్తున్నావా అని అడిగితే, బిందె సొట్టపోయినందుకు విచారిస్తున్నానని జవాబు చెప్పిందట. కింద వేలిముద్ర వేసింది.

ఈ సంగతి పుస్తకంలో వేస్తే బాబాయి రేపు చుట్టాల ముందు తలెత్తుకోగలడా? కానీ అక్కతో అబద్ధమాడటానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి, పక్కింటివాళ్లు వింటారని తలుపేసి, ఆ పేరు ఆవిడ చెవిలో చెప్పాడు. జరిగిందంతా చెప్పాడు.

అక్క ఆ పేరుని నాలుగైదుసార్లు మెల్లగా పలికి చూసుకుంది. బిందె మాట వినగానే పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. అది చూసి బాబాయికి కూడా కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ తాత్సారం చేసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

“ఆవిడ పేరు వేస్తానులే అక్కా. కుళాయి గొడవ మాత్రం వద్దు,” అన్నాడు.

“గొడవ లేకపోతే పేరెక్కడుందిరా? రెండూ వెయ్యి. ఏదీ, ఎక్కడ వేస్తావో చూపించు.”

బాబాయి వంశవృక్షం ప్రూఫు మంచంమీద పరిచాడు. నలభై ఏడుగురు మగవాళ్లు. అక్క కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి వెతుక్కుంటూ వచ్చింది. తాత ఉన్నాడు, తండ్రి ఉన్నాడు. తండ్రి కింద పెద్దపెద్ద అక్షరాల్లో బాబాయి ఉన్నాడు. ఆ పక్కన సన్నగా ‘మరియు ఒక కుమార్తె’ అని ఉంది.

ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది.

“ఒరేయ్,” అంది నవ్వకుండా, “ఇందులో నా పేరు పడాలంటే నేనెవరి నెత్తిమీద మోదాలిరా?”