సింహాచలం అంకుల్‌తో పెరుమాళ్ గుడి దాకా

నిన్న పొద్దున సింహాచలం అంకుల్ నంబర్ నుంచే మెసేజ్ వచ్చింది. "అంకుల్ ఇక లేరు" అని.

నమ్మలేదు. ఎవరో ఆయన ఫోన్ హ్యాక్ చేశారనుకున్నాను. కింద లింక్ ఏమైనా ఉందేమోనని కూడా చూశాను.

లేదు.

లిఫ్ట్ దిగేసరికి మా బ్లాక్ కింద కుర్చీలు వేస్తున్నారు.

నిద్రలోనే పోయారట.

అసలు ఆయనతో నా పరిచయమే అనుమానంతో మొదలైంది.

మేం సింగపూర్‌లో ఈ పుంగ్గోల్‌కి మారిన కొత్త. ఒకాయన లిఫ్ట్‌లో నా సైకిల్ చూసి, తమిళం కలిసిన తెలుగులో, "తెలుగా తంబీ? శనివారం పెరుమాళ్ గుడికి పోదాం వా. సైకిల్ మీద, మెల్లగా" అన్నారు.

వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చాడట. నాకు అంతవరకే తెలుసు.

ముక్కూమొహం తెలియనివాడిని గుడికెందుకు పిలుస్తారు? ఇన్సూరెన్స్ అయ్యుండాలి.

మా ఆవిడ స్వప్నది కర్నూలు. "ఏందో స్కీముంటాది. పోతే పో, సంతకం మాత్రం పెట్టొద్దు" అంది.

శనివారం ఆయన నా చేతిలో పసుపు టీషర్టు పెట్టారు. "ఇది వేసుకో. ముందు నువ్వు పో."

వెనకా ముందూ తిప్పి చూశాను. ఏ కంపెనీ పేరూ లేదు. అనుమానం ఇంకా పెరిగింది.

కాలవ పక్కన సైకిల్ దారిలో బయల్దేరాం. మమ్మల్ని జాగింగ్ చేసేవాళ్ళు కూడా దాటిపోతున్నారు.

నేను కాసేపు ఊరుకుంటే చాలు, వెనక నుంచి ప్రశ్న. ఏ ఊరు? ఏం ఉద్యోగం? ఆఫీసులో ఎంతమంది తెలుగువాళ్ళు?

మాట్లాడుతూనే ఉండమంటారు. ఇంక ఫారం తీయడమే ఆలస్యం అనుకున్నాను.

ఒక బ్రిడ్జి కింద ఆగాం. ఆయన నీళ్ళు తాగుతుంటే, నేను పక్కకొచ్చి నిలబడి స్వప్నకి మెసేజ్ పెడుతున్నాను.

"తంబీ?" అన్నారు ఆయన, ఎదురుగా కాలవ వైపు చూస్తూ. "తంబీ, ఎక్కడున్నావు?"

నేను ఆయన మోచేతి పక్కనే ఉన్నాను.

గొంతులో భయం వినబడింది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడ్డారు.

అప్పుడు చెప్పారు. కంటి నరం పోతోందట. పక్కలేవీ కనబడవు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఒక్క ముక్క కనబడుతుంది, అంతే. అదీ పోతుందన్నారు డాక్టర్. ఇంట్లో ఆంటీకి కూడా తెలియదట.

"మా నాన్న నన్ను ఆ గుడికి సైకిల్ మీదే తీసుకుపోయేవాడు. ఒక్కసారి అట్లాగే పోవాలి. నీ పసుపు చొక్కా కనబడుతుంది. కనబడకపోతే నీ మాట వినబడుతుంది."

నాకు కోపమొచ్చింది. ఎవరికైనా గుద్దుకుని ఉంటే?

మిగతా దారంతా సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం.

బ్రిటిష్ కాలం నాటి గుడి. రాజగోపురం ఎదుట నిలబడి, ఆయన కింది నుంచి పైకి ఒక్కో బొమ్మా చూశారు. ఒకటి చూడటం, కాస్త తల ఎత్తడం, ఇంకోటి చూడటం. చివర కలశాల దాకా వెళ్ళి, "చాలు" అన్నారు.

సైకిళ్ళు అక్కడే తాళం వేసి ట్రైన్ ఎక్కాం.

"ఆంటీకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నా మనిషివనుకున్నాను" అన్నారు. మొహం అటు తిప్పుకున్నారు.

కానీ ఆ సాయంత్రమే చెప్పారు. వారం తిరగకుండా ఆంటీ ఆ సైకిల్‌ని గుడి నుంచి తెప్పించి ఎవరికో ఇచ్చేశారు.

తర్వాత శనివారాలు ట్రైన్‌లోనే వెళ్ళేవాళ్ళం. చూపు పూర్తిగా పోయాక కూడా.

నిన్న ఆంటీ నన్ను పక్కకి పిలిచారు.

"ఇప్పుడైనా నిజం చెప్పు తంబీ. కళ్ళు కనబడని మనిషి అంత దూరం తొక్కినాడా? టాక్సీలో పోయినారా?"

"తొక్కారు ఆంటీ. బ్రిడ్జి దాకా తొక్కారు."

నా మొహంలోకి చాలాసేపు చూశారు. నమ్మలేదనే అనుకున్నాను.

"మొండి మనిషి" అన్నారు. అప్పటిదాకా ఏడవని ఆవిడ, అప్పుడు ఏడ్చారు.

వెళ్ళిరండి అంకుల్. మీకు నచ్చినట్టే, మెల్లగా. పెరుమాళ్ మీకు ప్రశాంతతనివ్వాలి.