రెండు ఊపిర్లు నీకు, రెండు ఊపిర్లు నాకు

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పడానికి లేచి నిలబడాలని చాలా ఆదివారాలు అనుకుని వెనక్కి తగ్గాను, ఈ రోజు తగ్గను. నేను మా చిన్నాన్న కొడుకు యోహానును నలభై అడుగుల నీళ్ళ కింద చంపబోయిన మనిషిని. ఇద్దరం బతికి వచ్చామంటే అది దేవుని కృప, అందులో నా మంచితనం ఆవగింజంత కూడా లేదు.

మాది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. మామిడి తోటల బావుల్లో దిగి పూడిక తీయడం, నీళ్ళలో మునిగిపోయిన మోటార్లకు తాడు కట్టి పైకి తేవడం మా ఇంటి పని. మా నాయన దమ్ము పట్టి మునిగాడంటే గట్టు మీద నిలబడినవాళ్ళకు భయం పుట్టేది, అంతసేపు ఉండేవాడు లోపల. మునిగేవాడి నడుముకు తాడు కడతాం, పైన ఒకడు ఆ తాడు పట్టుకుంటాడు, కింది నుంచి రెండుసార్లు గుంజితే లాగాలి, గుంజేదాకా లాగకూడదు, అదీ మా పద్ధతి. ఒక రోజు నాయన మునిగాడు, గుంజలేదు, మళ్ళీ ప్రాణంతో పైకి రాలేదు. ఆ రోజు పైన తాడు పట్టుకున్నది యోహాను.

వాడే చంపాడని నేను ఊరంతా చాటాను. నాలుగేళ్ళు వాడితో మాట లేదు. వాడు చర్చిలోకి వస్తే నేను లేచి బయటికి పోయేవాణ్ణి, కొన్నాళ్ళకు రావడమే మానేశాను. పగ మరిచిపోవడానికి నాటుసారా మొదలుపెడితే పగ తగ్గలేదు గానీ నా భార్య సుగుణమ్మ ఏడుపు ఎక్కువైంది. అయినా ఆ తల్లి మోకాళ్ళ మీద నుంచి లేవలేదు, నా పేరు, యోహాను పేరు కలిపే ప్రార్థించేది, అది విని నాకు ఇంకా ఒళ్ళు మండేది.

ఇంతలో ఊళ్ళో బోర్లు వచ్చాయి, బావుల పని పోయింది. రిజర్వాయర్లలో నీళ్ళ అడుగున గేట్లు బాగు చేయించే మద్రాసు కాంట్రాక్టరు ఒకాయన నీళ్ళ అలవాటు ఉన్న మనుషులు కావాలంటే మా ఊరి నుంచి ఇద్దరమే తేలాం, నేను, యోహాను. నెల రోజులు శిక్షణ. నేవీలో చేసి వచ్చిన పెద్దాయన నేర్పాడు. వీపుకు గాలి సిలిండరు కట్టుకున్నవాడు దమ్ము పట్టకూడదు, ఊపిరి ఆడుతూనే ఉండాలి, పైకి వచ్చేటప్పుడు దమ్ము పడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి అన్నాడు. నాయన నేర్పిన దానికి అది పూర్తిగా ఎదురు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఒకడి గాలి అయిపోతే, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే మౌత్‌పీస్ ఒక్కదాన్నే ఇద్దరూ పంచుకోవాలి, ఎదురెదురుగా ఒకరి బెల్టు ఒకరు పట్టుకోవాలి, రెండు ఊపిర్లు తీసుకుని తిరిగి ఇచ్చేయాలి, నోట్లో అది లేనంతసేపు సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి, అలాగే మెల్లగా పైకి రావాలి.

ఆ సాధన యోహానుతో చేయమంటే నేను మొండికేశాను. “వాని ఎంగిలి నా నోట్లో పెట్టుకోను సార్” అన్నాను. పెద్దాయన తిట్టాడు, నాకు అన్నీ వచ్చని చెప్పి తప్పించుకున్నాను.

కొండల మధ్య ఒక రిజర్వాయరులో పని పడింది. ముందు రోజు తాగి ఉన్నాను, పొద్దున సిలిండరులో గాలి ఎంతుందో చూపించే ముల్లు సరిగా చూసుకోలేదు, దానికి తోడు పాత అలవాటు, దమ్ము పట్టడం, ఆగలేక ఒక్కసారిగా పీల్చడం, దాంతో గాలి తొందరగా అయిపోయింది. గేటు రబ్బరు మారుస్తుండగా పీలిస్తే గాలి రాలేదు. గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించి గాలి లేదని సైగ చేశాను. యోహాను క్షణం కూడా ఆలోచించలేదు, నా బెల్టు పట్టుకుని, తన నోట్లోది తీసి నాకు అందించాడు.

రెండు ఊపిర్లు తీసుకున్నాను. ఇవ్వలేదు. వాడి చెయ్యి విదిలించి మౌత్‌పీస్ లాక్కున్నాను. మూడు, నాలుగు, ఐదు. భయం ఒక్కటే అయితే ఈ రోజు మీ ముందు ఇంత సిగ్గుపడను. మా నాయన ఎలా పోయాడో నీకిప్పుడు తెలుస్తుందిలే అని నా మనసు అంది సహోదరులారా, ఆ మాట నాదే, సాతాను మీద నెట్టను. వాడు కలబడలేదు. నా బెల్టు వదలకుండా, సన్నగా బుడగలు వదులుతూ, ఖాళీ చెయ్యి చాపి ఎదురు చూస్తున్నాడు. బుడగలు తగ్గిపోతున్నాయి.

అప్పుడు ప్రార్థించాను. “ప్రభువా, ఇయ్యాలని నాకు లేదు. నా చెయ్యి నువ్వే తెరువు.” అంతే నా ప్రార్థన. చెయ్యి తెరుచుకుంది. ఇచ్చాను.

అక్కడి నుంచి వాడికి రెండు, నాకు రెండు. ఎన్నిసార్లు మారిందో తెలియదు, ప్రతిసారీ ఇవ్వకూడదని అనిపించింది, ప్రతిసారీ ఇచ్చాను. పైకి వచ్చే దారిలో నేను అలవాటుగా దమ్ము పట్టి నోరు బిగిస్తే వాడు నా డొక్కలో పొడిచి బుడగలు వదిలించాడు.

గట్టెక్కి మెట్ల మీద కూలబడ్డాం. యోహాను అన్నాడు, “రెండు గుంజులు వస్తాయని సూస్తా ఉండినానన్నా. పెదనాయన గుంజనే లేదు.”

“నాకు తెలుసురా” అన్నాను.

నిజంగానే తెలుసు. తాడు గుంజడం చేతగానివాళ్ళ పని అని నాయన అనేవాడు, ఎప్పుడూ గుంజింది లేదు. నాయన మీద కోపం తెచ్చుకోలేక ఆ కోపమంతా పద్ధతి తప్పని పిల్లవాడి మీద పోశాను. అక్కడే వాడి కాళ్ళు పట్టుకున్నాను.

ఆ వారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర వాడి పక్కనే మోకరించి, వాడు తాగిన గిన్నెలోనే ద్రాక్షారసం తాగాను. సారా మాత్రం ఒక్క రోజులో పోలేదు, నేను సారా అంగడి వైపు తిరగకుండా మూడు నెలలు యోహాను సాయంత్రం పూట నాతో కూడా ఇంటిదాకా నడిచి వచ్చాడు. ఈ పొద్దు తాగను ప్రభువా అని ప్రతి ఉదయం చెప్పుకుంటాను, ఈ రోజు కూడా చెప్పుకునే వచ్చాను.

ఈ సంఘంలో ఎవరితోనో మాట మానేసినవాళ్ళు ఉన్నారు, ఊరు చిన్నది, నాకు తెలుసు. తప్పు ఎవరిదో తేలనీ అని ఆగకండి. నా సంగతిలో అది మొదటి రోజే నాకు తెలుసు, అయినా నాలుగేళ్ళు పోగొట్టుకున్నాను. ప్రభువుకు ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి, ఆయన వింటాడు, చెప్పుకుని ఆ మనిషి గడప దగ్గరికి ఈ రోజే పోండి. ఒక్కరే పోవడానికి మొహం చెల్లకపోతే మమ్మల్ని పిలవండి, నేనూ యోహానూ ఇద్దరం మీ వెంట వస్తాం. మహిమంతా దేవునికే.