కొంగ పాట

నా భర్త పశువుల దవాఖానలో కాంపౌండరు. మోత్కూర్ చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలు, మేకలు పెంచుకునేవాళ్లంతా ఆయనను డాక్టర్ సార్ అనే పిలిచేవారు. ఆయన ఎన్నడూ కాదనలేదు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మూడేళ్ల పిల్లలతో చప్పట్లు కొట్టించడం, పాటలు పాడించడం, ఎగిరించడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే ఆయనకు చిన్నచూపు. ఇంట్లో పని చేసుకుంటూ కూనిరాగం తీసినా ముఖం చిట్లించేవారు. పెళ్లి బరాత్ ముందు ఎవరైనా ఎగురుతుంటే పక్క సందులోంచి తప్పుకుని వెళ్లే మనిషి. మా బిడ్డ బడిలో డాన్సు వేస్తానని ముచ్చటపడితే వద్దంటే వద్దన్నారు. ఇవన్నీ ఇప్పుడు కోపంతో చెప్పడం లేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

సర్కారు ఊళ్లలో గొర్రెల పంపిణీ మొదలుపెట్టిన ఏడాది ఆయనకు క్షణం తీరిక ఉండేది కాదు. పొద్దున్నే టీకాల డబ్బా బండికి కట్టుకుని వెళితే పొద్దుగూకే వేళకు వచ్చేవారు. ఆ రోజుల్లోనే ఆయన రాత చిన్నదవడం మొదలైంది. రిజిస్టరు పేజీ పైన శనగ గింజంత ఉన్న అక్షరం కిందికి వచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. అద్దాలు మార్చుకోమన్నాను. మార్చుకున్నారు. రాత పెరగలేదు.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. వారం తర్వాత సంతలో కలిసిన ఒక ముసలమ్మ చెప్పింది. ఆమె గొర్రెపిల్లను ఒడిసి పట్టుకుంటే ఈయన సూది వేయబోయారట. రెండుసార్లు తప్పిందట. "సారూ, చెయ్యి వణుకుతాంది. జర కూసోండ్రి" అని ఆమె మంచికే అన్నదట. ఆయన సూది సంచిలో పడేసి, బండెక్కి వచ్చేశారట.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆయనను వరండాలో ఆ కొసకు, ఈ కొసకు నడిపించాడు. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం లేదని అప్పుడే చూశాను. అంతకుముందు ఎన్నాళ్లుగా ఊగడం లేదో నాకు తెలియదు. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. మెదడులో కదలికలను నడిపించే ఒక పదార్థం తగ్గిపోతున్నదని, మాత్రలతో కొంత నింపుకోవచ్చని, వేళ తప్పకుండా వేసుకోవాలని చెప్పాడు. ఈయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఎన్ని రోజులల్ల తక్కువైతది?" డాక్టరు తలవంచుకుని మందులు రాయడం మొదలుపెట్టాడు.

మొదటి మూడేళ్లు మాత్రలతోనే నెట్టుకొచ్చాం. ఆయన ఉద్యోగం విరమించాక అసలు కష్టం మొదలైంది. పాదాలు నేలకు అంటుకుపోయేవి. హాల్లో బాగానే నడిచేవారు. స్నానాల గది గడప దగ్గరికి రాగానే ఆగిపోయేవారు. పైన ఒళ్లంతా ముందుకు వంగేది, కింద కాళ్లు మాత్రం కదిలేవి కావు. చెయ్యి పట్టి లాగితే మీద పడబోయేవారు. నేను పొద్దున తొమ్మిదింటికి అంగన్‌వాడీ సెంటరు తెరవాలి. గడియారం చూసుకుంటూ, "గొర్ల వెంట కోసులు నడిచిన మనిషి, గీ ఒక్క అడుగు ఎయ్యరాదా?" అని కసిరాను. ఒకసారి కాదు, చాలాసార్లు. కావాలని చేస్తున్నారేమో అని కూడా అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

నల్లగొండలో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లమని ఎవరో చెబితే వెళ్లాం. మా బిడ్డకంటే చిన్నది. ఆమె నేల మీద సుద్దతో అడ్డగీతలు గీసి, తాను చప్పట్లు కొడుతూ, ఒక్కో చప్పుడుకు ఒక్కో గీత దాటమన్నది. ఆయన అలాగే నిలబడ్డారు. నడక అనేది మనం ఆలోచించకుండా జరిగిపోయే పని అని, ఈ జబ్బులో ఆ దారి మూసుకుపోతుందని, బయటి నుంచి చప్పట్ల తాళం అందితే కాలు దాన్ని పట్టుకుని వేరే దారిలో లేస్తుందని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. పాట పెట్టుకుని ఇంట్లో నాలుగడుగులు ఆడినా మంచిదేనన్నది.

"నన్ను బతుకమ్మ ఆడుమంటవా?" అన్నారు ఈయన.

"ఆడినా మంచిదే అంకుల్" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ జబ్బులో ముఖం కూడా బిగుసుకుపోతుంది కాబట్టి, కోపమో కాదో కూడా తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో చిట్యాలలో బస్సు మారాలి. దిగి సర్వీసు రోడ్డు దాటాలి. ఎండ మండిపోతున్నది. మాత్ర వేళ దాటిపోయింది. సగం దాటాక ఆయన ఆగిపోయారు. ఒకవైపు నుంచి ఆటో, దాని వెనుక పత్తి బస్తాల ట్రాక్టరు, రెండూ హారన్లు కొడుతున్నాయి. హారన్ కొట్టిన కొద్దీ ఆయన ఇంకా బిగుసుకుపోయారు. తాగి ఉన్నాడా అని ఎవరో అడగడం వినపడింది. ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెడతామని దగ్గరికి వచ్చారు. ఆయన కళ్లలో భయం చూశాను. ముఖం కదలకున్నా కళ్లు కదులుతాయి.

అప్పుడు నా నోటికి ఏది వచ్చిందో అదే పాడాను. చేతిలో సంచి కింద పెట్టి, ఆయన ఎదురుగా నిలబడి, చప్పట్లు కొడుతూ, మోకాళ్లు పైకెత్తి చూపిస్తూ పాడాను.

"ఎడమ కాలు ఎత్తు కొంగా,
కుడి కాలు ఎత్తు కొంగా,
బురద దాటి పోవాలె,
బుద్ధిగ ఇల్లు చేరాలె."

మా సెంటరులో పిల్లలను వరుసగా నిలబెట్టి చేతులు కడిగించడానికి తీసుకుపోయే పాట అది. మీరు అని తప్ప ఎన్నడూ పిలవని మనిషిని నడిరోడ్డు మీద కొంగా అని పిలిచాను. రెండోసారి పాడేసరికి ఎడమ కాలు లేచింది. తర్వాత కుడిది. కొంగ లాగే కాళ్లు పైపైకి ఎత్తి ఆయన రోడ్డు దాటారు. ట్రాక్టరాయన ఇంజను ఆపి చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక్కి వెళ్లి సంచి తెచ్చుకున్నాను.

బస్సెక్కాం. రామన్నపేట దాటాక అడిగారు.

"గా పాట ఎవరు కట్టిండ్రు?"

"నేనే. ఇరవై ఏండ్ల సంది పాడుతున్న."

ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగారు. మరునాడు పొద్దున స్నానాల గది గడప దగ్గర ఆగిపోయారు. నన్ను పిలిచారు. పాడమని అడగలేదు. నా వైపు చూసి "ఊఁ" అన్నారు, అంతే.

అట్లా మొదలైంది. మంచం నుంచి లేవాలంటే పాట, గడప దాటాలంటే పాట, కుర్చీ దగ్గర తిరగాలంటే పాట. పనిచేసింది, అది అబద్ధం కాదు. కానీ పాట దానంతటది పుట్టదు కదా, ఎవరో ఒకరు పాడాలి. పగలంతా సెంటరులో పాతికమంది పిల్లలతో పాడి, ఇంటికి వచ్చి మళ్లీ అదే పాడాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చప్పట్లు కొట్టాను. జ్వరంతో ఉండి కొట్టాను. అరచేతులు మండేవి, గొంతు బొంగురుపోయింది. తిరుమలగిరిలో టీచరుగా ఉన్న మా బిడ్డ ఆదివారాలు వచ్చి ఒక పూట చూసుకునేది. మిగతా ఆరు రోజులు నేనే. ఒక్కోసారి ఆ కొంగ కనిపిస్తే మెడ విరిచెయ్యాలనిపించేది.

మా ఇంటి పక్కన పరుపులు కుట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పగలంతా దూది ఏకుతుంటే ఆ చప్పుడు మా గోడ ఇవతలకి వినిపించేది. మేము భాయ్ అని పిలిచేవాళ్లం. ఒక సాయంత్రం ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. నేను చప్పట్లు కొడుతుంటే ఈయన వాకిలి ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తున్నారు. భాయ్ కాసేపు చూసి, అరుగు మీద కూర్చుని, పక్కన బోర్లించి ఉన్న బకెట్టును ముందుకు లాక్కున్నాడు.

"చెల్లె, నువ్వు జర కూసో. నేను కొడత" అన్నాడు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆయన కొట్టాడు, ఈయన నడిచారు. నా చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. ఏడుపు వచ్చింది. ఎవరూ చూడలేదు, ఇద్దరి చూపూ కాళ్ల మీదే ఉంది.

భాయ్ పడుచుతనంలో పెళ్లిళ్లకు డోలక్ వాయించేవాడట. మరునాడు అటక మీది నుంచి ఆ డోలక్ దింపి, తాళ్లు బిగించుకుని తెచ్చాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు, ఏదో పని పడితే తప్ప, రోజూ పొద్దువాలాక వచ్చాడు. నల్లగొండ అమ్మాయిని ఫోనులో అడిగి, నడకతో పాటు పక్కకు అడుగులు, చేతులు బారజాపి ఊపడం, ఒక్కచోటే గిరుక్కున తిరగకుండా పెద్ద గుండ్రంగా తిరగడం నేర్చుకున్నాం. దాన్ని ఆట అనవచ్చు. ఆయన మాత్రం కసరత్తు అనేవారు. పడిపోకుండా నేను ఎదురుగా నిలబడి ఆయన రెండు చేతులూ పట్టుకునేదాన్ని. ముప్పై అయిదేళ్ల కాపురంలో నలుగురూ చూసే చోట ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఒకరోజు అడుగులు వేస్తూ వేస్తూ, "నీ చేతులు గింత గరుకుగున్నయేంది?" అన్నారు.

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను.

భాయ్ వినీ విననట్టు వాయిస్తూనే ఉన్నాడు.

జబ్బు తగ్గలేదు. చేతి వణుకు అట్లాగే ఉంది. కానీ డోలక్ మోగిన సాయంత్రాలు ఆయన గ్లాసు తానే పట్టుకుని నీళ్లు తాగేవారు. బిగుసుకున్న ముఖం కొంచెం వదులయ్యేది. మూలల దగ్గర తూలడం తగ్గింది. గంట దాటితే మళ్లీ మామూలే. ఆ గంట కోసమే పగలంతా ఎదురుచూసేవారు. నాలుగు కొట్టేసరికి చొక్కా మార్చమని అడిగేవారు.

తర్వాత భాయ్‌కి మోకాళ్లు అరిగిపోయాయి. దూది పని మానేసి చిట్యాలలో ఉన్న తన బిడ్డ ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా ఫోనులో డోలక్ దెబ్బ రికార్డు చేసి ఇచ్చాడు. "ఫికర్ చెయ్యకు డాక్టర్ సాబ్, నేను గిందులనే ఉన్న" అని ఫోను చూపించి నవ్వించబోయాడు. ఈయన తల ఊపారు.

ఫోనులో డోలక్ మోగేది, ఈయన నడిచేవారు, కొన్ని నెలలు బాగానే గడిచింది. నాకూ విశ్రాంతి దొరికిందనుకున్నాను. కానీ భాయ్ కాళ్లు చూసి వాయించేవాడు. అడుగు ఆలస్యమైతే దెబ్బ ఆగి దాని కోసం చూసేది. ఫోను చూడదు. జబ్బు ముదిరి ఈయన అడుగు మందగిస్తున్న సంగతి నేనూ సరిగ్గా పట్టించుకోలేదు. ఒక సాయంత్రం నేను లోపల రొట్టెలు కాలుస్తున్నాను. వాకిట్లో దెబ్బ ముందుకు ఉరికింది, కాళ్లు అందుకోలేకపోయాయి. పడ్డారు. తుంటి ఎముక విరిగింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

ఆపరేషన్ అయ్యింది. మూడు నెలలు మంచంలోనే. సంగతి తెలిసి భాయ్ ఫోనులో ఏడ్చాడు, తన మూలంగానే అయిందని. కాదని చాలాసార్లు చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. నేను లోపల కాకుండా అక్కడే ఉంటే ఏమయ్యేదని నన్ను నేను అడుక్కోవడం కూడా ఇప్పుడు మానేశాను.

నేనూ పని నుంచి దిగిపోయి రెండేళ్లవుతున్నది. ఆయన మళ్లీ నిలబడ్డారు, వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తారు. మిగతాదంతా కుర్చీలోనే. కూర్చుని కూడా ఆడవచ్చని నల్లగొండ అమ్మాయి చెప్పింది. పాటకు తగ్గట్టు మడమలు నేలకు ఆనిస్తారు, చేతులు భుజాల దాకా ఎత్తుతారు. మెల్లగా, ఆయన అడుగు ఎంత మెల్లగా ఉంటే అంత మెల్లగా పాడతాను. ఫోను పెట్టను.

నిన్న మధ్యాహ్నం నాకు నడుము పట్టేసింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుండిపోయి, ఇవ్వాళ నాతో కాదని చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. ఆయన గొంతు ఇప్పుడు చాలా సన్నబడింది. దగ్గరికి జరిగితే తప్ప వినపడదు.

"ఇయ్యాల వద్దు తియ్యి. నువ్వు జర ఒరుగు. నేను యాడికి పోత?" అన్నారు.

నవ్వుదామనుకున్నారేమో, ముఖం కదలలేదు. కుర్చీ పక్కనే చాప పరుచుకుని ఒరిగాను. నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి మాత్ర వేళ దాటి పది నిమిషాలైంది. ఆయన మేలుకునే ఉన్నారు, నన్ను లేపలేదు. నేను లేచి నీళ్లు తెచ్చాను.