నాకెదురొచ్చిన మూడో స్థానం

ఢిల్లీ చుట్టుపక్కల ఆదివారం పొద్దున్న జరిగే పరుగు పందేల్లో పది కిలోమీటర్లంటే పది కిలోమీటర్లు ఉండవని నా గట్టి నమ్మకం. ఒకచోట రెండొందల మీటర్లు తగ్గుతుంది, ఇంకోచోట మూడొందలు పెరుగుతుంది. కొలిచామనే అంటారు నిర్వాహకులు. దేంతో కొలిచారని అడిగితే నవ్వుతారు. గాలి బాగానే ఉందని ముందురోజు మెసేజ్ పెడతారు. వాళ్ళు చూసిన కాలుష్యం మీటరు ఏ పార్కు నడిమధ్యలో ఉందో ఎవరికి తెలుసు? ఇక పరుగు పూర్తిచేసిన వాళ్ళందరికీ ఇచ్చే మెడల్ ఒకటి ఉంటుంది. అది మెళ్ళో వేసుకుని ఫోటోలు దిగేవాళ్ళలో పూర్తి చెయ్యనివాళ్ళు నాకు కనబడుతూనే ఉంటారు. డివైడర్ దూకి అవతలి వైపు చేరి, షూ లేసు కట్టుకుంటున్నట్టు కాసేపు వంగి, ఆనక పరుగందుకునే పెద్దమనుషుల్ని కళ్ళారా చూశాను. ఒకసారి ఒకాయన టైము లెక్కపెట్టే తన నంబరు కాగితంతో పాటు తన పై అధికారి కాగితం కూడా జేబులో పెట్టుకుని పరిగెత్తాడు. ఆ అధికారి మర్నాడు ఆఫీసులో తన టైము గొప్పగా చెప్పుకునే ఉంటాడు.

నా ఉద్యోగమూ అలాంటిదే. గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. ఇరవై ఏళ్ళుగా అదే తిండి పెడుతోంది. 'అంతా సరిగ్గానే ఉంది' అని ఎవరైనా అంటే చాలు, నాకు ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. దేవుడు ప్రత్యక్షమైనా ఆధార్ కార్డు అడుగుతావని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అడగొద్దా మరి?

పరుగు మొదలుపెట్టింది నలభై నాలుగో ఏట. మోకాళ్ళ నొప్పికి డాక్టరు నడవమన్నాడు. పార్కులో నన్ను దాటి వెళ్ళేవాళ్ళంతా నన్నే చూసి నవ్వుకుంటున్నారనిపించి పరిగెత్తడం మొదలుపెట్టాను. అయిదేళ్ళలో, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళ విభాగంలో మూడుసార్లు నాలుగో స్థానం వచ్చింది. బహుమతులు మాత్రం మూడింటికే. స్టేజీ కింద నిలబడి చప్పట్లు కొడుతూ, పైనున్న ముగ్గురిలో ఎవరికి నిజంగా నలభై అయిదు నిండాయో అని వాళ్ళ మెడల కేసి చూసేదాన్ని. మెడ అబద్ధం చెప్పదు.

ఆమె పరిచయమైంది అలాంటి ఒక పందెంలోనే, నీళ్ళ టేబుల్ దగ్గర. గ్లాసు అందుకుంటూ "ఓలమ్మ, సచ్చిపోతన్నాను" అని తనలో తాను అనుకుంది. ఢిల్లీ రోడ్డు మీద ఆ మాట వినబడేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. భర్త సైన్యంలో సుబేదారు, కంటోన్మెంటులో క్వార్టరు, ఊరు విజయనగరం పక్కన. నాకంటే మూడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్ళమ్మాయి తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. మావాడు అదీ ఇవ్వడు, ఫోనులోంచి తలెత్తకుండా 'యా' అంటాడు. మా ఆయనకి ఆఫీసు కాల్స్‌తోనే తెల్లారుతుంది. వారమంతా నా గొంతులో ఇరుక్కుపోయిన తెలుగు ఆదివారం ఆమె దగ్గర బయటపడేది. పరుగు అయ్యాక ఇద్దరం సరోజినీ నగర్ బజారుకి వెళ్ళి, కుట్లు ఊడతాయేమోనని నేను ప్రతి ట్రాక్ ప్యాంటునూ లాగి చూస్తుంటే, దుకాణం అతనికి ఆమె నా తరఫున క్షమాపణ చెప్పేది. ఇన్ని లక్షలమంది ఉన్న ఊళ్ళో నాకు స్నేహితురాలంటే ఆమె ఒక్కతే. ఆమె పోతే నాకింకెవరూ లేరని నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఆ చలికాలం పందెం ఘాజియాబాద్‌లో పడింది. సుబేదారుగారు ఎప్పటిలాగే కారు తీసి, భార్యను ఎక్కించుకుని, దారి కాని దారిలో వసంత్ కుంజ్ దాకా నాకోసం వచ్చారు. నేను కిందికి దిగి, గ్యాస్ కట్టానో లేదోనని పైకెళ్ళాను. మళ్ళీ దిగి, తలుపు సరిగ్గా పడిందో లేదోనని మళ్ళీ వెళ్ళాను. లోపల మా ఆయనా, పిల్లాడూ పడుకునే ఉన్నారు, తలుపు సంగతి వాళ్ళు చూసుకోగలరు. కానీ నాకు వాళ్ళ మీదా నమ్మకం లేదు. పావుగంట పోయింది. ఆయన హారన్ కూడా కొట్టలేదు.

అక్కడికి చేరేసరికి మొదలవడానికి పది నిమిషాలుంది. నా బ్యాగు కారులో వదలమన్నారాయన. పార్కింగువాళ్ళ చేతికి తాళంచెవి ఇవ్వాలి కదా, వదల్లేదు. ఆయన మమ్మల్ని దించి పార్కింగు వైపు వెళ్ళారు. బ్యాగులు తీసుకుని టోకెన్ ఇచ్చే కౌంటరు దగ్గర చూస్తే లైను రోడ్డు దాకా ఉంది. నేనేమో మొదటి వరసలో ఉండాలి. దారిలో పరిచిన మ్యాట్‌లు దాటినప్పుడల్లా టైము రాసుకునే చిప్ ఒకటి నంబరు కాగితం వెనక అంటిస్తారు, దాని మీద నాకు నమ్మకం లేదు. హారన్ మోగిన క్షణానే గీత దాటితే నా వాచీ, వాళ్ళ గడియారం ఒకటే మాట చెబుతాయని నా పద్ధతి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"మీరెల్లి ముందు నిలబడండక్కా. లేకపోతే మీకు మనసొప్పదు గదా. బ్యాగు నాను పెట్టీసి బేగొచ్చేస్తాను" అంది.

బ్యాగు ఆమె చేతిలో పెట్టి పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు. హారన్ మోగాక బ్యాగు సంగతీ మర్చిపోయాను.

వెళ్ళిన రోడ్డునే తిరిగొచ్చే పందెంలో ఒక సౌకర్యం ఉంది. మనకంటే ముందున్న ప్రతి మనిషీ అయిదో కిలోమీటరు దగ్గర మలుపు తిరిగి, డివైడర్ అవతల మనకి ఎదురు రావలసిందే. నేను వాళ్ళని లెక్కపెడతాను. ఆ రోజు మంచులోంచి నా వయసు ఆడవాళ్ళు ఇద్దరే ఎదురొచ్చారు. అంటే నేను మూడో స్థానంలో ఉన్నాను. మలుపు తిరిగాను. అర కిలోమీటరు వచ్చాక డివైడర్ అవతల ఆమె కనబడింది. "అక్కా" అని కేకేసి చెయ్యూపింది. నేనూ ఊపాను. ఆమె మలుపు దాకా వెళ్ళడానికి ఇంకా అర కిలోమీటరుంది. అంటే నాకు సరిగ్గా కిలోమీటరు వెనక.

అక్కణ్ణించి ముగింపు దాకా నా వయసు మనిషి ఒక్కతి కూడా నన్ను దాటగా చూడలేదు. గంటా కొన్ని సెకన్లకి గీత దాటాను. అటుకుల పోహా పెట్టే లైనులో నిలబడి, అది నిన్నటిదేమోనని వాసన చూస్తుంటే ఫోనుకి మెసేజ్ వచ్చింది. విభాగంలో నాలుగో స్థానం. స్టేజీ పక్కన అంటించిన జాబితా దగ్గరికి వెళ్ళి చూశాను. మూడో స్థానంలో ఆమె పేరుంది. నాకంటే రెండున్నర నిమిషాలు తక్కువ.

కిలోమీటరు వెనకున్న మనిషి నాకంటే ముందెలా వస్తుంది? వెళ్ళేటప్పుడు డివైడర్ మీద మొక్కలు చచ్చిపోయి ఖాళీ అయిన చోటు ఒకటి నేను గమనించే ఉన్నాను. ఆ ఖాళీకి కొంచెం అటుగానే ఆమె నాకు చెయ్యూపింది. అందులోంచి దూకి, మంచులో గుంపు చాటున నన్ను దాటేసిందనుకున్నాను. ఎందుకూపింది? నేను దాటిపోయానని ఖాయం చేసుకోవడానికా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ ఇంత నవ్వుతూ తడుముకునేవాళ్ళని చూడలేదనుకున్నాను. రెండేళ్ళుగా వాచీ పెట్టుకోకుండా పరిగెత్తుతోంది, అదెందుకో అప్పుడు అర్థమైందనిపించింది. అనుమానం పెనుభూతమంటారు. నాకు మాత్రం ఆ క్షణాన అది మంచి చదువుకున్నదానిలా, లెక్క తెలిసినదానిలా కనబడింది.

ఆమెనే అడగొచ్చు. పది గజాల దూరంలో భర్త పక్కన నిలబడి అరటిపండు ఒలుస్తోంది. అడిగితే అబద్ధం చెబుతుందనుకున్నాను.

బహుమతులు ఇచ్చేలోపు అభ్యంతరాలుంటే కాగితం మీద రాసివ్వాలని నిబంధన ఉంది. ఆ నిబంధన చదివిన మనిషిని ఆ మైదానంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆఫీసులో తప్పు రాసినట్టే రాశాను. ఏ కిలోమీటరు దగ్గర చూశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, దూకడానికి వీలున్న చోటు ఎక్కడుంది. కింద నా నంబరు వేసి సంతకం పెట్టాను. సంతోషంగా ఉంది, అది దాచను.

మొదటి ఇద్దర్నీ పిలిచారు. మూడో పేరు పిలిచేసరికి ఆమె నా వైపు చూసి నోరు తెరిచి నవ్వింది. తనకి వస్తుందని అనుకోలేదన్నమాట. సుబేదారుగారు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఆమె స్టేజీ మెట్టు మీద ఒక కాలు పెట్టింది. అప్పుడు మైకులో "ఏక్ మినిట్ మ్యామ్, ఇస్ మే కంప్లెయింట్ హై" అన్నారు. ఆ కాలు అలాగే మెట్టు మీద ఉండిపోయింది. చప్పట్లు ఆగిపోయాయి.

ఆమెను టైము లెక్కలు చూసే టెంటులోకి పిలిచారు. ఫిర్యాదు చేసినదాన్ని కాబట్టి నేనూ వెళ్ళాలి, వెళ్ళాను. స్నేహితురాలికి తోడుగా వచ్చాననుకుని సుబేదారుగారు నాకు దారిచ్చి, ఫోను పట్టుకుని బయటే నిలబడ్డారు. లాప్‌టాప్ ముందున్నతను నంబరు కొట్టి, స్క్రీన్ మా వైపు తిప్పాడు.

"సబ్ మ్యాట్ క్లియర్ హై. టర్న్ పే భీ రికార్డ్ హువా హై. మ్యామ్ నే సాత్ మినిట్ లేట్ స్టార్ట్ కియా హై, బస్" అన్నాడు.

ఏడు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. నా వెనక బయల్దేరి, నా వెనకే వచ్చి, నాకంటే తక్కువ టైములో పరిగెత్తింది. బహుమతి గీత దాటిన వరసని బట్టి కాదు, ఎవరి చిప్ టైముని బట్టి వాళ్ళకి. ఇది నాకు తెలియనిది కాదు. అయిదేళ్ళుగా కొత్తవాళ్ళకి నేనే చెబుతున్న సంగతి. ఆమె మీద అనుమానం పుట్టాక అది ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"ఇత్నా లేట్ క్యోఁ హుయే మ్యామ్?" అని, అంత ఆలస్యం ఎందుకైందో అతను మామూలుగానే అడిగాడు.

ఆమె జవాబివ్వడానికి నోరు తెరిచి, టేబుల్ మీదున్న కాగితం చూసింది. నా నంబరు చూసింది. నా చేతిరాత ఆమెకి తెలుసు. ఆమె జేబులోంచి నా బ్యాగు టోకెన్ తాడు బయటికి వేలాడుతోంది.

"వాష్‌రూమ్ కీ లైన్ థీ భయ్యా" అంది.

నేనే, నా బ్యాగు కోసమని చెప్పాలి. స్క్రీన్ కేసి చూస్తూ నిలబడ్డాను. ఆమె బయటికెళ్ళి, మళ్ళీ మెట్లెక్కి, బహుమతి తీసుకుంది. అప్పటికి జనం చాలామంది వెళ్ళిపోయారు. వీడియో మళ్ళీ తీస్తానని భర్త అంటే వద్దంది.

తిరిగొచ్చేటప్పుడు కూడా నన్ను కారులో ఎక్కించుకున్నారు. వెనక సీట్లో కూర్చున్నాను. దారి పొడుగునా సుబేదారుగారు ఆ ఫిర్యాదు చేసినవాళ్ళని తిడుతూనే ఉన్నారు. "ఎవులో కుళ్ళుబోతు మనిషి మేడంగారూ. ఎదుటోళ్ళు బాగుపడితే సూడలేరు. మీకెవరి మీదైనా అనుమానముందా?" అని నన్నే అడిగారు. అద్దంలోంచి నా వైపు చూస్తూ జవాబు కోసం ఆగారు.

"పోనీండి. ఎవరైతే ఏటి" అని ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

భర్తకి చెప్పలేదన్నమాట. ఇక చెప్పదు కూడా. అంతటి సిగ్గు నేను నా జన్మలో పడలేదు. వసంత్ కుంజ్ రాగానే ఆయన దిగి, నా బ్యాగు తీసి చేతికిచ్చారు. ఆమె దిగలేదు.

ఆ రాత్రి క్షమించమని మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంతే. తర్వాతి ఆదివారం ఆమె రాలేదు, ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. కొత్త ఫోను తీసుకుందేమో, నంబరు మారిందేమో, భర్తకి ట్రాన్స్‌ఫర్ అయ్యిందేమో అని రకరకాలుగా ఊహించుకున్నాను. అసలు కారణం ఒక్కటే, నాకు తెలిసిందే.

మూడో వారం ఆఫీసుకి సెలవు పెట్టి కంటోన్మెంటుకి వెళ్ళాను. ఎదురుగా నిలబడి ఒక్కసారి చెప్పాలి, తిడితే పడాలి. గేటు దగ్గర జవాను నా ఆధార్ కార్డు తీసుకుని, రిజిస్టరులో రాయించి, ఎవరింటికని అడిగాడు. ఇంటి నుంచి సరేనంటేనే లోపలికి పంపుతారు. అతను క్వార్టరుకి ఫోను చేశాడు. పొద్దున్న పదకొండు గంటలు. ఆ వేళకి భర్త డ్యూటీలో ఉంటారు, పిల్ల స్కూల్లో ఉంటుంది.

అవతల ఎవరో ఫోనెత్తారు. జవాను నా పేరు చెప్పాడు. "జీ మేడమ్, ఠీక్ హై" అని పెట్టేసి, నా కార్డు నాకు తిరిగిచ్చాడు.

"మేడమ్ ఘర్ పే నహీ హై" అన్నాడు.

లేకపోతే ఫోనెత్తిందెవరు, నువ్వు మేడమ్ అన్నదెవర్ని అని నాలుక చివరిదాకా వచ్చింది. జవాను కూడా నేనడుగుతానేమోనని చూస్తున్నాడు.

అచ్ఛా, మళ్ళీ ఎప్పుడొస్తారో కనుక్కుంటానని చెప్పి, కార్డు పర్సులో పెట్టుకుని, ఆటో కోసం రోడ్డు దాటాను. ఆమె ఇంట్లో లేదు.