గావియా మంచు, ఫినెస్ట్రే మట్టి

బర్కత్‌కు సైకిలు పిచ్చి పద్దెనిమిదేళ్ళప్పుడు పట్టింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పాత పుస్తకాలు అమ్మేచోట ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. నిండా మంచు తుపానులో సైకిళ్ళు తొక్కుతున్న మనుషుల ఫొటోలు. పక్కింటి మాస్టారు చదివి చెప్పాడు: ఇటలీలో మూడు వారాల పందెం, గావియా అనే కొండ, పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆరాంఘర్ నుంచి షాద్‌నగర్ దాకా జరిగే పందేల్లో తనూ తొక్కాడు. ఒకసారి మూడోవాడిగా వచ్చాడు. రబియాతో నిఖా అయ్యాక సైకిలు మూలపడింది, చేతికి స్టీరింగు వచ్చింది. ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతూ నడుపుతూ షుగరును పట్టించుకోలేదు. యాభై దాటేసరికి కిడ్నీలు రెండూ పోయాయి.

అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు శంషాబాద్‌లోని డయాలసిస్ సెంటర్లోనే తెల్లవారేది. నాలుగు గంటలు మిషనుకు చెయ్యి అప్పగించి పైకప్పు చూస్తూ పడుకోవడం. నిరుడు జూన్‌లో ఒకరోజు పక్క బెడ్డు మీది అమ్మాయి ఫోను పొట్టమీద ఆనించుకుని ఏదో చూస్తోంది. తెరమీద కొండదారి, సైకిళ్ళు.

“అది ఏ కొండ, చెల్లె?”

“ఫినెస్ట్రే, అన్నా. నీకు తెలుసా ఈ ఆట?”

ఆమె పేరు సిల్వియా. ముప్పై ఏళ్ళు. ఎయిర్‌పోర్టులో సామాన్లు తప్పిపోయినవాళ్ళ ఫిర్యాదులు రాసుకునే కౌంటర్లో పనిచేసేది. తొండుపల్లిలో తల్లి యేసమ్మతో ఉంటుంది. ఒకసారి ఎవరో విదేశీయుడి సైకిలు పెట్టె దొరక్క, రెండు రోజులు అతనికి ధైర్యం చెబుతూ ఈ పందేల సంగతి తెలుసుకుందట.

ఆ రోజు మొదలైంది వాదం. అన్ని పందేల్లోకీ మరపురాని రోజు ఏది?

“సైమన్ యేట్స్ అనేటాయన ఏడేండ్ల కింద గదే కొండ మీద, ఇటలీ పందెంల అందరికన్న ముందున్నోనికిచ్చే గులాబీ జెర్సీ పోగొట్టుకున్నడు. మళ్ళ గదే మట్టి తొవ్వల ఈసారి గెలుచుకున్నడు. దీనికంటె పెద్ద రోజు ఏముంటదన్నా?”

“గెలిచిన కథలు అందరికీ యాదుంటయి,” అన్నాడు బర్కత్. “గావియా మీద వాన్ డెర్ వెల్డే అని ఒకాయన. మంచు కురుస్తున్నా పొట్టి చేతుల జెర్సీతోని అందరికన్న ముందు కొండెక్కిండు. దిగుడుల చలికి తాళలే. ముప్పావు గంట మీదనే వెనకబడ్డడు. ఎక్కినోడు దిగలేకపోయిండు. అది మరువొస్తదా?”

“నీదంతా ఏడుపు, అన్నా.”

“నీదంతా సినిమా.”

టెక్నీషియన్ శ్రీలత బీపీ చూసి, జర మెల్లగ కొట్లాడండి అనేది. నాలుగు గంటలు ఎట్లా గడిచేవో తెలిసేది కాదు. రబియా సైతం ఇంటికి రాగానే ఇవాళ ఎవరు గెలిచారని అడగడం మొదలుపెట్టింది.

ఆగస్టులో యేసమ్మ కూతురికి కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేసి డాక్టర్లు కుదరదన్నారు, ఆమెకూ షుగరే. సిల్వియా ఆ మాట బెడ్డు మీద పడుకోబోతూ మామూలుగా చెప్పింది. దుప్పటి కాళ్ళమీదికి లాక్కుని, “ఇగ చెప్పు, నీ మంచు మనిషి సంగతి,” అంది. బర్కత్ ఆ రోజు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. గావియా కథ కూడా ఆమే చెప్పింది.

అక్టోబరులో ఒక శుక్రవారం ఆమెకు చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకుతూనే ఉంది.

“ఒక్కసారి ఒప్పుకో, అన్నా. ఫినెస్ట్రేనే గొప్పదని.”

“ఒప్పుకోను,” అన్నాడు నవ్వుతూ.

సోమవారం ఆ బెడ్డు మీద ఎవరో ముసలాయన ఉన్నాడు. సిల్వియాను పెద్ద దవాఖానకు తీసుకుపోయారని శ్రీలత చెప్పింది. బుధవారం బర్కత్ అడగకముందే, శ్రీలత తల అడ్డంగా ఊపి మిషను వైపు తిరిగిపోయింది.

మరుసటి ఆదివారం తొండుపల్లి పోయాడు. సిల్వియా జ్ఞాపకార్థం ఇంట్లో పెట్టిన ప్రార్థన ముగిసి మనుషులు వెళ్ళిపోతున్నారు. యేసమ్మ గడపలో కూర్చుని ఉంది.

“సైకిళ్ళాయనవు నువ్వేనా?”

“నేనే, అమ్మా.”

“నీతోని కొట్లాడొచ్చిన దినం రెండు ముద్దలు ఎక్కువ తింటుండె.”

బర్కత్ తల దించుకున్నాడు. “ఆఖరికి ఒక్క మాట అడిగింది. ఒప్పుకోలేదమ్మా నేను.”

పైనుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గాక యేసమ్మ, “ఒప్పుకుంటె మళ్ళ సోమవారం ఏం మాట్లాడుకుందురు, బిడ్డా,” అంది. లోపలికి పోయి టీ పెట్టుకొచ్చింది. కిడ్నీలు పోయినప్పటినుంచి అతనికి రోజుకు ఇన్నే నీళ్ళు తాగాలని డాక్టర్ల లెక్క; ఆ పూట లెక్క చూడకుండా తాగాడు.

తర్వాత వారం డయాలసిస్ షిఫ్టు మార్పించుకున్నాడు. సాయంత్రం షిఫ్టులో ఇరుపక్కలవాళ్ళూ బడంగ్‌పేట్ ప్లాట్ల గురించి మాట్లాడుకుంటారు. అతను వింటూ పడుకుంటాడు. ఇంటికి వెళ్ళాక రబియా అన్నం పెడుతుంది. ఏమీ అడగదు.