బాపు గుర్తు పెట్టిన స్క్రీన్

ఆ రోజుల్లో మా మెట్‌పల్లి దిక్కున ఏ సామాను రిపేరుకు ఇచ్చినా, అది బాగవుతుందా లేదా అన్న చింత ఎవరికీ ఉండేది కాదు. లోపలి ఒరిజినల్ తీసి డూప్లికేటు వేస్తారన్న భయమే ఉండేది. ఆ భయంలో మా బాపు అందరికన్నా పైమెట్టు. పసుపు పండించే మనిషి. మార్కెట్ యార్డుకు పోయే ప్రతి బస్తా మీదా, ఎవడూ మార్చకుండా, పచ్చరంగుతో అడ్డంగా గీతలు గీసేవాడు. (గుడికి పోతే చెప్పులు కూడా ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ విడుస్తాడు.) ఆయన కొడుకును కాబట్టి నేనూ తక్కువవాణ్ణి కాదు. కాకపోతే డిగ్రీ చదివాను గనక, నా అనుమానాన్ని జాగ్రత్త అని పిలుచుకునేవాణ్ణి.

డిగ్రీ అయ్యాక చాలాకాలం ఖాళీగా ఉన్న నన్ను హైదరాబాదు కంపెనీ ఒకటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలిచింది. పిలిచింది అదొక్కటే. కంప్యూటర్ మీద పని చేసి చూపించాలట. సరిగ్గా ఆ వారంలోనే నా ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికి మదర్‌బోర్డు పోయింది. నెట్ సెంటర్‌కు పోతానంటే, అక్కడ మన వివరాలన్నీ దొంగిలిస్తారని బాపు వద్దన్నాడు. మా మేనమామ ఇంట్లో మానిటర్ లేని పాత సీపీయూ ఒకటి పడి ఉంది. నా ల్యాప్‌టాప్ స్క్రీను బాగానే ఉంది. దాన్ని ఊడదీసి, సరిపోయే చిన్న బోర్డు తగిలిస్తే మానిటరైపోతుందని వీడియోల్లో చూశాను. ఆ బోర్డు కరీంనగర్‌లో ఒక షాపులో దొరుకుతుందన్నారు. ఇంటర్వ్యూ మర్నాడనగా బయలుదేరుతుంటే బాపు కూడా చెప్పులేసుకున్నాడు. "నువ్వు ఫోన్ చూసుకుంట కూసుంటవు, వాడు సామాను మారుస్తడు. నేను గూడ వస్త" అన్నాడు.

స్క్రీనును తువ్వాలలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాం. షాపాయన తువ్వాల విప్పి చూశాడు. డబ్బా లేదు, ఒట్టి స్క్రీను. ఎదురుగా రెప్ప వేయని ఇద్దరు మనుషులు. అతనికి మామీద అనుమానమొచ్చి, ఇది ఎక్కడిది, బిల్లుందా అని అడిగాడు. బాపు తగ్గలేదు. మాదేనని, చేతులు బల్ల మీద కనబడేటట్టు పెట్టి పని చేయమని చెప్పాడు. పాపం ఆ మనిషి మర్యాదకు చాయ్ తెప్పిస్తే అదీ వద్దన్నాడు (తాగేటప్పుడు తల దించాలి కదా, ఆ సందులో ఏమైనా జరగొచ్చు).

బోర్డు తగిలించి కరెంటు పెట్టగానే స్క్రీను తెల్లగా వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు బాపు దాన్ని వెనక్కి తిప్పి చూసి, "గిది మనది కాదు. నా గుర్తు లేదు" అన్నాడు.

సంగతేమిటంటే, ముందురోజు నాకు చెప్పకుండా ల్యాప్‌టాప్ మూత వెనక బస్తాలకు గీసినట్టే పచ్చ గీతలు గీశాడు. నేను పొద్దున ఆ మూతలోంచి స్క్రీనొక్కటే ఊడదీసి తెచ్చాను. ఎంత చెప్పినా వినలేదు. నేను ఊడదీస్తుంటే తాను చూడలేదు కదా అన్నాడు. అవ్వకు (మా దిక్కున అమ్మను అట్లాగే పిలుస్తాం) ఫోన్ చేస్తే, పచ్చ గీతల మూత ఇంట్లోనే ఉందని, పెరుగు గిన్నె మీద పెట్టానని చెప్పింది. "మీ అవ్వ ఎప్పుడు నీ దిక్కే మాట్లాడుతది" అన్నాడు బాపు. షాపాయన వైరు పీకేసి, మీ బేరమూ వద్దు, మీరూ వద్దు, తీసుకుపొమ్మన్నాడు. తెల్లారితే ఇంటర్వ్యూ. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఏడుపులోనే ఒకటి గుర్తొచ్చింది. అన్నా, ఇంకొక్కసారి కరెంటు పెట్టమని షాపాయనను బతిమాలాను. తెల్లటి స్క్రీను మూలలో చిన్న పసుపు మరక. అంతకుముందు ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో బాపు అదే చేత్తో స్క్రీను మీద పొడిచి, ఈ బొమ్మ ఎవరిదని అడిగాడు. ఎంత తుడిచినా ఆ మరక పోలేదు. బాపు తన వేలు దాని పక్కన పెట్టి, చాలాసేపు సరిచూసుకుని, "మనదే" అన్నాడు. గిసొంటి మరకల స్క్రీను నేనెందుకు మారుస్త కాకా అని షాపాయన నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి ఇంటర్వ్యూకు కూర్చున్నాను. కెమెరా ఆ మూతలోనే ఉండిపోయింది గనక ఫోన్ ఎదురుగా నిలబెట్టాను. అడిగిన పనంతా చేసి చూపించాను. అంతా అయ్యిందనుకుంటుంటే, మీ వెనక ఉన్నదెవరని వాళ్లు అడిగారు. చూస్తే బాపు నా భుజం మీదుగా వాళ్లనే గుడ్లప్పగించి చూస్తున్నాడు. అడగడమే తడవు ముందుకొచ్చి, మీ ఆఫీసు ఏ గల్లీలో ఉంది, ఎన్నో అంతస్తు అని ఆరా తీశాడు. నా ఉద్యోగం గంగలో కలిసిందనుకుని ఆయనతో మాట్లాడటం మానేశాను.

కొన్నాళ్లకు ఉద్యోగం ఇచ్చామని కబురొచ్చింది. బాపు సంతోషపడలేదు. మర్నాడు పసుపు ధర చూసొస్తానని నిజామాబాద్ బస్సెక్కాడని అవ్వ చెప్పింది. రెండోరోజు సాయంత్రం ఎండకు కమిలిన ముఖంతో వచ్చాడు. పోయింది హైదరాబాదుకట. నా కంపెనీ వాచ్‌మన్‌ను అడిగి, పొద్దంతా ఆఫీసు గేటు ఎదురుగా, రోడ్డు అవతల నిలబడ్డాడట.

"ఆఫీసున్నది. పనిచేసే పిల్లలు నవ్వుకుంట బయటికొస్తున్నరు. పో బిడ్డా" అన్నాడు.

నా పరువు తీస్తావా అని అరిచాను. అక్కడ కూడా నన్ను నమ్మలేదా అని రెండు పూటలు అన్నం మానేశాను. ఇప్పటికీ అదే ఆఫీసు. సాయంత్రం గేటు దాటేటప్పుడు ఏదో మాటకు నవ్వొస్తే, రోడ్డు అవతలికి ఒకసారి చూస్తాను. ఎవరూ ఉండరు. అలిగి అన్నం మానేసిన ఆ తిక్క పిల్లగాడే గుర్తొచ్చి, ఇంకాస్త నవ్వుతాను.