విజయవాడలో తెలంగాణ బంద్

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ చూసేది నేనే. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ పేజీలన్నిటికీ నోటీసు బాక్స్ ఒక్కటే. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. నిన్న అందులో "రేపు తెలంగాణ బంద్, క్లాసులు లేవు" అని మూడు భాషల్లోనూ పెట్టి, ఉర్దూ కూడా తప్పుల్లేకుండా వచ్చిందని మురిసిపోయాను. అదే బాక్స్ మా విజయవాడ బ్రాంచి పేజీలోనూ ఉందన్న సంగతి మరిచిపోయాను.

ఈ రోజు పదింటికి ఓనరు గారు ఫోన్ చేశారు. ఆయనది గుడివాడ, పక్కా సమైక్యవాది.

"ఏమయ్యా, విజయవాడలో ఒక్కడూ క్లాసుకి రాలేదు! ఏం చేశావ్?"

"సార్, గా బాక్స్ అందరికీ ఒక్కటే. జర పరేషాన్ కాకుండ్రి, ఇప్పుడే తీసేస్త."

"ఇప్పుడు తీసి ఏం లాభం? అందరూ మార్నింగ్ షోకి చెక్కేశారు!"

నల్గొండ నుంచి వచ్చిన నేను ఎల్బీనగర్ చౌరస్తాలో ఎన్ని ధర్నాల్లో గొంతు చించుకున్నానో లెక్కలేదు. అయినా మధ్యాహ్నం బయటికెళ్లి చూస్తే ఇక్కడ సగం షట్టర్లు అప్పుడే లేచాయి. విజయవాడలో మాత్రం మా బంద్ సంపూర్ణంగా, ప్రశాంతంగా జరిగింది. ఉద్యమకారుల జాబితాలో పేరు ఎక్కడ రాయించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.